హైస్‌మన్ కప్పు, మా ఇంటి ఓట్లు

మొన్న డిసెంబరులో మా ఇంట్లో పోట్లాట లేదు. హైస్‌మన్ కప్పు, అంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఒక ఉత్తమ ఆటగాడికిచ్చే కప్పు, ఇండియానా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాకి వచ్చింది. కొలరాడోలో ఉన్న మా అమ్మాయి గ్రూపులో "ఓకే" అని పెట్టింది. ఐడహోలో ఉన్న మా మేనల్లుడు బొటనవేలి బొమ్మ పెట్టాడు. అంతటితో సరి. మా అన్నయ్య మళ్ళీ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడం మొదలెట్టాడు.

అంతకు ముందేడు ఇలా కాదు. 2024 డిసెంబరు 15, ఆదివారం. ఆ పొద్దున్న మొదలైన గొడవతో బావామరదళ్ళిద్దరూ పది రోజులు మాట్లాడుకోలేదు. మధ్యలో రాయబారం నడిపింది నేను. ఆ పది రోజుల్లో నేను నేర్చుకున్న అమెరికా ఫుట్‌బాల్, అంతకు ముందు రెండేళ్ళలో కూడా నేర్చుకోలేదు.

నేను పర్లాకిమిడిలో ఒక హైస్కూల్లో పీఈటీని. పిల్లలు బడిలో నన్ను ఒడియాలో "దిదీ" అంటారు. ఇంటికెళ్ళి వాళ్ళమ్మలతో మాత్రం "పీఈటీ మేడమ్ మొట్టింది" అని తెలుగులో చెబుతారు. మా ఊళ్ళో ఎవరికైనా అంతే. బోర్డులు ఒడియా, బేరాలు తెలుగు. అటు నాలుగడుగులేస్తే ఆంధ్రా పాతపట్నం. కాలేజీ రోజుల్లో నేను కబడ్డీ ఆడేదాన్ని, ఎడమ కార్నర్, అంటే ఆ మూల నిలబడి కూతకొచ్చినవాళ్ళని పట్టుకునేదాన్ని. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తర్వాత నేను చెప్పబోయే తీర్పులో నా పక్షపాతం ఏ మూల నుంచి వస్తోందో మీకు తెలియాలి.

మా అమ్మాయి బోల్డర్‌లో ఎమ్మెస్ చేస్తోంది, యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో. మా అన్నయ్య కొడుకు బోయిసీ స్టేట్‌లో చదివి ఆ ఊళ్ళోనే ఉద్యోగంలో చేరాడు. ఆ ఏడు హైస్‌మన్ పోటీ సరిగ్గా వీళ్ళిద్దరి కాలేజీల మధ్యే వచ్చి పడింది. కొలరాడో నుంచి ట్రావిస్ హంటర్, బోయిసీ స్టేట్ నుంచి ఆష్టన్ జెంటీ. వీళ్ళిద్దరికీ ముడి పెట్టేస్తే సరిపోతుంది కదా అని అంతకు ముందు పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా అనే మా పెద్దమ్మ, ఆ పోట్లాట ఫోన్లో విన్నాక ఇంక ఆ ఊసు ఎత్తలేదు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. చెరో పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళితే మళ్ళీ నాలుగు. లేకపోతే బంతి అవతలి వాళ్ళకి. వెనకాల నిలబడి బంతి ఎవరికివ్వాలో, ఎటు విసరాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. మొదట్లో చూసినప్పుడు నాకు ఎక్కడికక్కడ ఆగిపోయే ఆటలా అనిపించింది, పాసింజరు బండిలాగా. తర్వాత ఒక ఆదివారం పొద్దున్న ఫోను బియ్యం డబ్బాకి ఆనించి ఇడ్లీలు వేస్తుంటే, ఒకణ్ణి నలుగురు కలిసి కాళ్ళూ నడుమూ పట్టి పడేశారు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇది నాకు తెలిసిన పనే!

ఒక పెద్ద తేడా ఉంది. కబడ్డీలో కూతకెళ్ళొచ్చిన మనిషే వెనక్కి వచ్చి గొలుసులో చెయ్యి కలుపుతుంది. అక్కడ అలా కాదు. బంతితో దాడి చేసే పదకొండు మంది వేరు, అడ్డుకునే పదకొండు మంది వేరు. బంతి చేతులు మారగానే ఒక గుంపు బెంచీ మీదికెళ్ళి నీళ్ళు తాగుతుంది, రెండో గుంపు లోపలికొస్తుంది. అందుకే మా అమ్మాయి ఆయాసపడిపోతూ "అమ్మా, మా వాడు రెండు వైపులా ఆడతాడు" అని చెప్పినప్పుడు "దానికేటి వింత? మేమూ అంతేగా" అన్నాను. అది ఫోను పెట్టేసింది.

అందులో వింత ఏమిటో తర్వాత తెలిసింది. పూర్వం వాళ్ళూ రెండు వైపులా ఆడేవారట. 1939లో హైస్‌మన్ గెలిచిన అయోవా కుర్రాడు నైల్ కిన్నిక్ అలాంటివాడే. ఆ జట్టునే ఐరన్‌మెన్ అనేవారు, బయటికి రాకుండా ఆడేవారని. ఆ అబ్బాయి తర్వాత యుద్ధంలో నేవీలో చేరి, 1943లో శిక్షణ విమానం సముద్రంలో పడి చనిపోయాడు. ఇరవై నాలుగేళ్ళు. అతని ఫోటో చూశాను, మా కాలేజీ గ్రూప్ ఫోటోలో వెనక వరసలో నిలబడే మంచి పిల్లాడిలా ఉంటాడు. 1960ల్లో ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని రూలు సడలించాక రెండు వైపులా ఆడేవాళ్ళు దాదాపు మాయమైపోయారు. హంటర్ 2024 సీజన్లో 1,300కు పైగా ప్లేలు (బంతి కదిలిన ప్రతిసారీ ఒక ప్లే) ఆడాడు. దాడిలో బంతి అందుకునే రిసీవర్, అడ్డుకోవడంలో కార్నర్‌బ్యాక్.

కార్నర్. ఆ పేరు వినగానే నా ఓటు సగం అటు పడిపోయింది, దాచడమెందుకు.

ఇక కప్పు సంగతి. 1935లో న్యూయార్క్ డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్బు వాళ్ళు మొదలెట్టారు. మొదటిది షికాగో యూనివర్సిటీ కుర్రాడు జే బెర్వాంగర్‌కి ఇచ్చారు. మరుసటేడు ఆ క్లబ్బు క్రీడా డైరెక్టరు జాన్ హైస్‌మన్ చనిపోతే ఆయన పేరు పెట్టారు. 1936. మా పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందీ ఆ ఏడే, ఏప్రిల్ ఒకటిన. మా తాతయ్యకి ఆ సంవత్సరం అంటే ఒళ్ళు మంట. మేనల్లుడు మాత్రం "చూశావా అత్తా, ఆ కప్పుకీ మన ఊరికీ ఒకేసారి పేరు మారింది" అంటాడు.

ఆ కప్పు బొమ్మని ఎప్పుడైనా చూడండి. కంచుతో చేసిన ఆటగాడు. ఒక చంకలో బంతి ఇరికించుకుని, రెండో చెయ్యి ముందుకు చాపి పరిగెడుతుంటాడు. ఫ్రాంక్ ఎలిస్కు అనే కుర్ర శిల్పి, ఎడ్ స్మిత్ అనే ఆటగాణ్ణి నిలబెట్టి చేశాడు. ఆ చాపిన చెయ్యి ఎవరినో తోస్తోంది. ఎవరిని? పట్టుకోవడానికి వచ్చినవాణ్ణి. వాడు బొమ్మలో లేడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కడుపు మండింది. తొంభై ఏళ్ళుగా ఆ చెయ్యి గాల్లోకే తోస్తోంది.

అవార్డుల చరిత్ర కూడా ఆ బొమ్మలాగే ఉంది. 2000 నుంచి 2025 దాకా 26 సార్లు ఇస్తే 21 సార్లు క్వార్టర్‌బ్యాక్‌కే. మిగిలిన ఐదు కూడా బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళకో, అందుకునేవాళ్ళకో. హంటర్ ఒక్కడే సగం అటూ సగం ఇటూ. ప్రధానంగా అడ్డుకునే ఆటగాడికి వచ్చింది 1997లో, మిషిగన్ కార్నర్‌బ్యాక్ చార్ల్స్ వుడ్‌సన్‌కి. అప్పుడు రెండో స్థానంలో నిలిచింది పేటన్ మానింగ్ అనే క్వార్టర్‌బ్యాక్. వుడ్‌సన్ కూడా అప్పుడప్పుడు బంతి అందుకునేవాడు, అవతలివాళ్ళు తన్నిన బంతిని పట్టుకుని ఎదురు పరిగెత్తేవాడు. ఒట్టి పట్టుకుని ఆపేవాడికి ఎవరిచ్చారు? 2009లో నెబ్రాస్కా జట్టులో ఎండమకాంగ్ సూ అనే కొండలాంటి మనిషి ఉండేవాడు. అతని పాత వీడియోలు మేనల్లుడు పంపితే మా బడి పిల్లలకు కూడా చూపించాను. ఆ సూకి నాలుగో స్థానం. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్‌కి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఇచ్చినట్టే ఇదీను.

ఓటు పద్ధతి ఇలా. అమెరికా అంతటా 870 మంది క్రీడా విలేకరులు, బతికున్న పాత విజేతలు, ప్రేక్షకులందరి తరఫున ఒక ఓటు. ఒక్కొక్కరు మూడు పేర్లు రాయాలి. మొదటి పేరుకి 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1.

ఆ ఆదివారం ఫలితం వచ్చేలోపు మనమూ ఓట్లేసుకుందాం అని మేనల్లుడే మొదలెట్టాడు. వాళ్ళకి శనివారం సాయంత్రం, మాకు తెల్లవారి చలి. వీడియో కాల్‌లో ఆరుగురం: పిల్లలిద్దరూ, అన్నయ్యా వదినా, మా ఆయన, నేను. క్యాలెండరు కాగితం ఒకటి చింపి దాని వెనక గీతలు గీశాను. స్కోరు రాయడం నా వృత్తి కదా.

"ముందు ప్రచారం చేసుకోండి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు" అన్నాను.

మేనల్లుడు లెక్కలతో వచ్చాడు. జెంటీ అప్పటికి 2,497 గజాలు పరిగెత్తాడు, 29 టచ్‌డౌన్‌లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం). ఆ దేశంలో ఒక సీజన్ రికార్డు 1988లో బ్యారీ శాండర్స్ పేరు మీదున్న 2,628. "అత్తా, వాడికే బంతి ఇస్తారని అవతలి పదకొండు మందికీ తెలుసు. స్టేడియంలో పల్లీలు అమ్మేవాడికి కూడా తెలుసు. అయినా ఆపలేకపోయారు."

ఇది నన్ను కొట్టిన మాట. రైడర్ అంటే అదే కదా. ఎవరొస్తున్నారో దాపరికం ఉండదు, ఒక్కర్తే వస్తుంది, ఏడుగురం ఎదురుచూస్తుంటాం. పైగా జెంటీ నిలబడే తీరు నాకు మొదటి నుంచీ నచ్చింది. వెనకాల ఆడే కుర్రాళ్ళంతా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడతారు. ఇతను చేతులు వదిలేసి నిటారుగా నిలబడతాడు, రేషన్ క్యూలో నిలబడ్డట్టు. బంతి కదిలాక చూడాలి ఆ తొడల బలం. నడుం పట్టుకున్నవాళ్ళు జారి కిందికి పోతారు, ఇతని కాళ్ళు ఆగవు. మా పిల్లలకు నేను రోజూ అరిచి చెప్పేది అదే: పట్టు పడ్డాక కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉండండర్రా అని.

మా అమ్మాయి లెక్కలు చెప్పలేదు. నా మనసు దానికి తెలుసు. ఒక వీడియో పెట్టింది. సెప్టెంబరులో బేలర్‌తో ఆట. ఓడిపోయిన ఆటని చివరి క్షణంలో ఒక పొడుగాటి పాసుతో సమం చేసి, అదనపు సమయంలో కొలరాడో ఏడు పాయింట్లు ముందుకెళ్ళింది. ఇప్పుడు బేలర్ వంతు. గీత ఇంక గజమో రెండు గజాలో. బంతి తీసుకున్నవాడు గీత మీదికి ఉరికాడు. హంటర్ పక్క నుంచి వచ్చి భుజంతో కొట్టాడు. బంతి ఎగిరి బయట పడింది. ఆట అయిపోయింది, జనం మైదానంలోకి దూకేశారు.

ఆ దెబ్బని నేను ఏడెనిమిది సార్లు వెనక్కి తిప్పి చూశాను. మనిషిని కాదు కొట్టింది. బంతి ఉన్న చేతిని చూసుకుని కొట్టాడు. అన్ని ఆటలు ఆడి కాళ్ళు పీకేస్తున్న మనిషి, చివరి క్షణంలో ఎక్కడ కొట్టాలో ఆలోచించి కొట్టాడు.

"అయిపోయిందా? ఓట్లు" అన్నాను.

అమ్మాయి మొదట హంటర్ రాసింది. రెండోది, మయామీ క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్. మూడోది, ఆరిగన్ క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్. జెంటీ పేరే లేదు! మేనల్లుడు తక్కువ తిన్నాడా? జెంటీ, గేబ్రియల్, వార్డ్. హంటర్‌కి సున్నా. ఇద్దరూ కంప్యూటర్లు చదివినవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే మోసం చేశారు.

అన్నయ్య కొడుకు పక్షాన నిలబడ్డాడు: జెంటీ, హంటర్. మూడో పేరు ఎవరూ తెలియదన్నాడు. వదిన దగ్గరికొచ్చేసరికి కథ తిరిగింది. "రెండు పనులూ చేసేవాడికే వేస్తాను. వంటా నేనే, అంట్లూ నేనే. మీ మొగాళ్ళకేం తెలుస్తుంది" అని హంటర్‌కి మొదటి ఓటు వేసి, కొడుకు మొహం చూసి జాలిపడి జెంటీకి రెండోది వేసింది. మా ఆయనకి స్టేషనరీ కొట్టు. ఏ జట్టు పెద్దది, ఏది చిన్నది అని అడిగాడు. బోయిసీ స్టేట్ ఆడేది మౌంటెన్ వెస్ట్ అనే చిన్న లీగ్ అని తెలియగానే "చిన్న కొట్టువాడు మెయిన్ రోడ్డు షోరూంతో పోటీకి దిగి ఇంత దూరం వచ్చాడా, వాడికే" అని జెంటీకి మొదటిది, హంటర్‌కి రెండోది.

కాగితం మీద కూడి చూశాను. జెంటీ 11, హంటర్ 10. ఇంక నా ఓటు ఒక్కటే ఉంది.

నేను హంటర్‌కి మూడు, జెంటీకి రెండు రాశాను. 13, 13.

"అమ్మా! జెంటీని మూడోదానికి దించు, గెలిచేస్తాం" అని మా అమ్మాయి అరుపు. "అత్తా, నీ మనసాక్షిని అడుగు" అని వీడు. మా ఆయన లేచి పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయాడు. పాలు ఇంకా రానే లేదు.

దించలేదు. అలా దించకపోవడానికి ఒక కథ ఉంది.

ముప్పయ్యేళ్ళ కిందట మాట. సంక్రాంతికి సరిహద్దుకి అటువైపు ఒక ఊళ్ళో టోర్నమెంటు. మట్టి కోర్టు, సున్నం గీతలు, మైకులో తెలుగూ ఒడియా కలిపి కామెంటరీ. ఫైనల్లో నేను ఏడు పట్లు పట్టాను. ఐదు చీలమండ పట్లు, రెండు మోకాలి పట్లు. చివరి పట్టుతో గెలిచాం. మోచేతి చర్మం లేచిపోయి మట్టీ రక్తం కలిసి అట్టకట్టింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. బెస్ట్ ప్లేయర్ కప్పు మా జట్టు రైడర్‌కిచ్చారు. మంచి పిల్లే, నా స్నేహితురాలే, ఆ రోజు బాగానే ఆడింది. కానీ కప్పిచ్చిన పెద్దమనిషి "ఎన్ని పాయింట్లు తెచ్చిందమ్మా!" అని మైకులో అన్నప్పుడు నేను మోచెయ్యి కడుక్కుంటూ కొళాయి దగ్గరున్నాను. నా ఏడు పట్లవీ పాయింట్లే కదా. తెచ్చినవాటికే లెక్క, రానివ్వనివాటికి లెక్క లేదు.

ఆ బాధ ఉన్నదాన్ని నేనేం చేశానో చెబుతాను. ఓ ఎనిమిదేళ్ళ కిందట, బడుల మధ్య పోటీలు. స్కోరు బల్ల దగ్గర కూర్చున్నది నేను. బెస్ట్ ప్లేయర్ పేరు చెప్పాల్సిందీ నేనే. పుస్తకం తిరగేస్తే రైడర్ పేరు కింద గీతలే గీతలు, ఐదేసి కట్టలు. ఆ పేరే చదివేశాను. సాయంత్రం సామాన్లు సర్దుతుంటే ఒక పిల్ల వచ్చి నిలబడింది. కొండమీద సవర ఊరి పిల్ల, ఎడమ కార్నర్. కోపం లేదు, ఏడుపు లేదు. ఏదో డౌటు అడిగినట్టు అడిగింది.

"దిదీ, నా వైపు ఎవరూ రాలేదు కదా. అది రాయలేదా?"

నిజమే. మొదటి సగంలో మూడు పట్లు పట్టింది ఆ పిల్ల. రెండో సగంలో రైడర్లు ఆ మూలకే వెళ్ళలేదు. అందరూ కుడివైపే ఆడి వెనక్కి పోయారు. సగం కోర్టుని ఒక్కర్తే మూసేసింది. నా పుస్తకంలో దానికి ఎదురుగా ఏమీ లేదు. ఎంత బాగా ఆడితే కాగితం అంత ఖాళీగా ఉంది. ఏం చెప్పానో కూడా గుర్తు లేదు. "బాగా ఆడావు" అని ఏదో గొణిగి ఉంటాను. నా మోచేతి మచ్చ కనపడకుండా చీరకొంగు కప్పుకున్న సంగతి మాత్రం గుర్తుంది.

కార్నర్‌బ్యాక్ బతుకూ అదే. హంటర్ లాంటివాడు ఒక మూల నిలబడితే తెలివైన క్వార్టర్‌బ్యాక్ అటు విసరడం తగ్గించేస్తాడు. బంతి రాకపోతే పట్టు ఎక్కడిది, లెక్క ఎక్కడిది? ఆ సీజన్లో ఓట్ల నాటికి అతను అడ్డుకుని లాక్కున్న బంతులు నాలుగు. నాలుగంటే ఎవరికి ఆనుతుంది? రిసీవరుగా 92 క్యాచ్‌లు, 1,152 గజాలు, 14 టచ్‌డౌన్‌లు ఉన్నాయి కాబట్టి న్యూయార్క్ వేదిక దాకా వచ్చాడు. ఒట్టి కార్నర్ అయి ఉంటే ఇంట్లో టీవీలో చూసేవాడు. మా అమ్మాయి దీన్ని ఒప్పుకోదు. "డిఫెన్స్‌కి న్యాయం జరిగింది" అంటుంది. జరగలేదమ్మా. డిఫెన్స్ ఆడేవాడు దాడి కూడా చేస్తే అప్పుడు చూశారు.

అయినా నా మొదటి ఓటు హంటర్‌కే ఎందుకంటే, ఆ ఖాళీ కాగితం పక్కన ఇంకో నిండు కాగితం పెట్టినవాడు అతనొక్కడే. జెంటీ రెండో ఓటు ఎందుకు తియ్యలేదంటే, ఒకసారి స్కోరు బల్ల దగ్గర తప్పు చేశాను కాబట్టి. కూతురు అడిగిందని రెండోవాణ్ణి మూడోవాడని రాస్తే, అది మర్చిపోయి చేసిన తప్పు కాదు, తెలిసి చేసిన తప్పు.

టీవీలో పేరు చదివారు. ట్రావిస్ హంటర్. మా అమ్మాయి కేక మా వీధి చివర దాకా వినపడి ఉంటుంది, అదీ ఫోన్లోంచి.

అసలు గొడవ ఫలితం వచ్చాకే. హంటర్‌కి 2,231 పాయింట్లు, జెంటీకి 2,017. తేడా 214. 2009లో మార్క్ ఇంగ్రమ్, టోబీ గెర్హార్ట్‌ని 28 పాయింట్లతో గెలిచాక ఇంత దగ్గరి పోటీ లేదు. మేనల్లుడు ఆ లెక్కని విడదీసి పెట్టాడు. హంటర్‌కి మొదటి ఓట్లు 552, రెండోవి 251, మూడోవి 73. జెంటీకి 309, 517, 56. నేనూ క్యాలెండరు వెనక కూడి చూశాను. హంటర్ పేరు మూడింట్లో ఎక్కడో ఒకచోట రాసినవాళ్ళు 876 మంది. జెంటీ పేరు రాసినవాళ్ళు 882.

"చూశావా అత్తా? మా వాణ్ణే ఆరుగురు ఎక్కువ మంది రాశారు!"

"ఫస్టు ఎంతమంది రాశారు బావా?" అని ఇది.

ఆ "బావా"లో ఎంత వెటకారం ఉందంటే, అక్కడితో మర్యాద చెడింది. మీ కోచ్ డియాన్ శాండర్స్ టీవీలో కనపడినన్ని గంటలు మా కోచ్ కనపడి ఉంటే మాకూ వచ్చేది అన్నాడు వీడు. మీరు ఆడింది ఎవరితో, ఊరూపేరూ లేని జట్లతో అంది ఇది. ఆరిగన్‌తో ఆడలేదా, ఆ ఆరిగన్ ఒక్క ఆటా ఓడకుండా ఒకటో నెంబరు జట్టయింది, దాని మీద జెంటీ 192 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు, 37-34తో ఆఖరి క్షణంలో పోయింది ఆట అన్నాడు. ఇది నిజం. దీనికి మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు అది ఏం చేస్తుందో మీకు చెప్పాను, ఫోను పెట్టేస్తుంది.

నాకు ఒక విషయంలో మేనల్లుడి బాధ అర్థమైంది. ఓట్లన్నీ ప్లేఆఫ్‌లకి ముందే వేసేస్తారు. డిసెంబరు 31న పెన్ స్టేట్‌తో ఆటలో జెంటీకి 104 గజాలే వచ్చాయి, జట్టు ఓడింది, మొత్తం 2,601 దగ్గర ఆగిపోయాడు. బ్యారీ శాండర్స్ రికార్డుకి 27 గజాలు తక్కువ. మా అమ్మాయి "అదీ సంగతి" అంది. అప్పుడు నేనే దాన్ని ఆపాను. శాండర్స్‌వి 11 ఆటలు, జెంటీవి 14, అది నిజమే. కానీ శాండర్స్ సీజన్ చివర ఆడే బౌల్ గేమ్‌లో పరిగెత్తిన 222 గజాలు ఆ రికార్డులో కలపలేదు, అప్పటి లెక్కల పద్ధతి అలాంటిది. అవీ కలిపితే జెంటీ దరిదాపుల్లో ఉండడు. కలపకపోతే 27 గజాలు. చూశారా, ఎవరు గొప్ప అన్నది ఆటలో సగం, పుస్తకం రాసేవాడి చేతిలో సగం. 1956లో పదింట్లో ఎనిమిది ఓడిన నోటర్ డేమ్ జట్టు కుర్రాడు పాల్ హార్నంగ్‌కి కప్పిచ్చి, ఆ ఆటలో మహామహుడనిపించుకున్న జిమ్ బ్రౌన్‌ని ఐదో స్థానంలో కూర్చోబెట్టినవాళ్ళు కూడా పుస్తకం చూసే ఇచ్చి ఉంటారు. లేదా చూడకుండా.

పది రోజుల తర్వాత క్రిస్మస్‌కి మేనల్లుడే ముందు మెసేజ్ పెట్టాడు. ఏప్రిల్లో ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్ళని ఎంచుకున్నప్పుడు హంటర్ రెండోవాడిగా జాక్సన్‌విల్‌కి, జెంటీ ఆరోవాడిగా లాస్ వేగస్‌కి వెళ్ళారు. ఆ లాస్ వేగస్ జట్టు పేరు రైడర్స్. "అత్తా, ఆఖరికి మావాడు మీ కబడ్డీలోనే చేరాడు" అని ఫోను చేశాడు. చాలాసేపు నవ్వుకున్నాం.

ఈ శీతాకాలం బడి పోటీలకి నేను స్కోరు పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీయించాను. రైడ్ పాయింట్లు, పట్లు, వాటి పక్కన పేరు లేని గడి ఒకటి. తొమ్మిదో తరగతి కుర్రాడిని రాయమని కూర్చోబెడితే బుర్ర గోక్కున్నాడు. "దిదీ, రైడర్ ఆ అక్క వైపు వెళ్ళకుండా వచ్చేస్తే ఏం రాయాలి? ఏమీ అవలేదు కదా?" చుక్క పెట్టు అన్నాను. ప్రతిసారీనా అన్నాడు. ప్రతిసారీ అన్నాను. రెండో సగంలో వాడి పెన్ను ఆగలేదు. రైడు రైడుకీ ఒక చుక్క, కొన్ని చుక్కలు విసుగుతో గీతల్లా సాగాయి. ఆట అయ్యాక ఆ పేజీ ఫోటో తీసి పిల్లలిద్దరికీ పంపాను. మా అమ్మాయి "ఇదేంటమ్మా, తట్టు పోసినట్టుంది" అని పెట్టింది.

కప్పు మళ్ళీ రైడర్‌కే ఇచ్చారు. ఈసారి కమిటీలో ఐదుగురం. నాది ఒక్క ఓటు.